గోరింటాకు ఆగే చోటు, పచ్చబొట్టు దిగే చోటు

విజయపురి సౌత్ లాంచీ రేవులో నాగార్జునకొండ టికెట్టు పట్టుకుని నిలబడ్డవాళ్ల చేతులు చూస్తే చర్మశాస్త్రంలో మొదటి పాఠం అక్కడే దొరుకుతుంది. ఆషాఢంలో పెట్టుకున్న గోరింటాకు శ్రావణం వచ్చేసరికి వెలిసిపోతుంది. అరచేతిలో చందమామ అంచులు చెదిరి, గోళ్ల మీద మాత్రం ఎరుపు మిగులుతుంది. ఆ పక్కనే మాచర్ల వైపు తండా నుంచి వచ్చిన లంబాడీ అవ్వ రెయిలింగు మీద చెయ్యి ఆనిస్తే, ముంజేతి మీద పచ్చబొట్టు చుక్కలు కనిపిస్తాయి. చిన్నప్పుడెప్పుడో పొడిపించుకున్నవి. పలనాటి ఎండలో మిరపతోటల్లో పనిచేసిన ఏళ్లన్నీ వాటిమీదుగా పోయాయి. అంచులు కాస్త అలుక్కుపోయాయే తప్ప చుక్క చెరగలేదు.

రెండూ రంగులే, రెండూ ఒంటిమీద వేసినవే. ఒకటి నెల తిరక్కుండా పోతుంది. రెండోది మనిషితో పాటే కాటికి వెళుతుంది. తేడా అంతా ఆ రంగు ఎంత లోతుకు వెళ్లి ఆగిందన్న దానిలో ఉంది. ఆ రెండు లోతులకూ నడుమ ఒక సరిహద్దు ఉంది. దాని మందం తల వెంట్రుక మందంలో వెయ్యో వంతు ఉంటే ఎక్కువ. మామూలు మైక్రోస్కోపుకు సరిగ్గా అందదు, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కావాలి. కానీ ఒంటిమీద చర్మం నిలబడి ఉండటానికి కారణం అదే.

చర్మాన్ని స్థూలంగా రెండు పొరలుగా చెప్పుకోవచ్చు. పైది ఎపిడెర్మిస్. ఒంటిమీద చాలా చోట్ల కాగితమంత మందమే ఉంటుంది, అంటే మిల్లీమీటరులో పదో వంతు. అరచేతుల్లో, అరికాళ్లలో దానికి ఎన్నో రెట్లు మందం. ఇందులో రక్తనాళం ఒక్కటి కూడా ఉండదు. కింద ఉన్నది డెర్మిస్. రక్తనాళాలు, నరాలు, చెమట గ్రంథులు, వెంట్రుకల కుదుళ్లు, వాటన్నిటినీ పట్టి ఉంచే కొలాజెన్ పోగులు అందులో ఉంటాయి. పైపొరలో అట్టడుగున ఒక వరుస కణాలు ఉంటాయి. కొత్త కణాలు పుట్టేది ప్రధానంగా ఆ వరుసలోనే. పుట్టిన కణం ఒక్కో మెట్టూ పైకి జరుగుతూ, గట్టిపడుతూ, చివరికి చచ్చి పొట్టులా రాలిపోతుంది. పండగనాడు నలుగు పెట్టి రుద్దితే చేతికి వచ్చేది ఆ పొట్టే. అడుగు నుంచి పైకి చేరి రాలిపోయే ఈ ప్రయాణానికి నెల నుంచి నెలన్నర పడుతుంది.

గోరింటాకులోని లాసోన్ అనే రంగు ఆ చచ్చిన కణాల్లోని కెరటిన్‌కు అంటుకుంటుంది. అరచేతిలో ఆ పొర మందం కాబట్టి ఎర్రగా పండుతుంది, చేతి వెనక పలచగా పడుతుంది. మొగుడి ప్రేమను బట్టి పండుతుందని ఆటపట్టిస్తారు గానీ, పొర మందాన్ని బట్టి పండుతుంది. ఆ పొర రాలినప్పుడు రంగూ రాలుతుంది. పచ్చబొట్టు సూది అలా కాదు, పైపొర మొత్తాన్నీ చీల్చుకుని, సరిహద్దు దాటి, మసిని డెర్మిస్‌లో దింపుతుంది. అక్కడ రాలడం అనేది లేదు. మసి రేణువుల్ని అక్కడి రక్షక కణాలు మింగి కూర్చుంటాయి. ఆ కణం చస్తే పక్కన వచ్చిన కొత్త కణం అదే మసిని మళ్లీ మింగుతుంది. ఎలుకల మీద ఈ సంగతి తేల్చింది ఫ్రాన్సులో మార్సేయ్ నగరానికి చెందిన శాస్త్రవేత్తలు, 2018లో. తరాలు మారినా పొలం అదే కుటుంబం చేతిలో ఉన్నట్టు, కణాలు మారినా చుక్క అదే చోట ఉంటుంది.

పొడిచిన మసి నల్లగా ఉంటే దానికి పచ్చబొట్టు అన్న పేరెందుకు వచ్చిందన్న అనుమానానికి జవాబు కూడా లోతులోనే ఉంది. నల్లరంగు మీద పలచని చర్మం తెరలా కప్పి ఉంటుంది. లోపలి నుంచి తిరిగి వచ్చే వెలుతురులో నీలి, పచ్చ ఛాయలే కంటికి ఎక్కువగా చేరతాయి. మసి ఉన్నది సరిహద్దుకు అవతల అని ఆ రంగే చెబుతోంది.

ముఖం మీద వచ్చే మంగు మచ్చలకూ ఇదే లెక్క. చర్మానికి రంగునిచ్చే మెలనోసైట్ కణాలు సరిగ్గా ఈ సరిహద్దు మీదే, పైపొర అడుగు వరుసలో కూర్చుని ఉంటాయి. అక్కడ అటూ ఇటూగా పది కణాలుంటే వాటిలో ఒకటి మెలనోసైట్. అవి చేసిన రంగు మామూలుగా పైకే వెళుతుంది, కాలక్రమంలో రాలిపోతుంది. కానీ సరిహద్దు దెబ్బతిన్నప్పుడు కొంత రంగు కిందికి జారి డెర్మిస్‌లో పడుతుంది. అలా పడ్డది పచ్చబొట్టులా పాతుకుపోతుంది, పైన ఎన్ని క్రీములు రుద్దినా తొందరగా వదలదు. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. మందుల షాపులో అడగ్గానే ఇచ్చే స్టెరాయిడ్ క్రీములు వారం రోజులు ముఖాన్ని తెల్లగా చూపించి, నెలల మీద చర్మాన్నే పలచబరుస్తాయి. మంగు కోసం వాటిని సొంతంగా రాసుకోవడం ఇంటి గోడకు సున్నం వేయడానికి గోడనే గీకేయడం లాంటిది.

ఇక ఆ సరిహద్దు నిర్మాణం. దానికి శాస్త్రవేత్తలు పెట్టిన పేరు బేస్‌మెంట్ మెంబ్రేన్. ఇల్లు కట్టుకునేవాళ్లు ‘బేస్‌మెంట్ లేచిందా’ అని అడుగుతారే, అదే మాట. పైపొర అనే ఇల్లు మొత్తం దాని మీద నిలబడింది.

పైపొరను అది పట్టి ఉంచే తీరు ఎలాంటిదో చూడాలంటే మళ్లీ రేవుకే రావాలి. లాంచీ గట్టుకు చేరగానే మనిషి తాడు విసురుతాడు. ఆ తాడు గట్టుమీద గుంజ చుట్టూ తిరిగి, తిరిగి లాంచీకే వచ్చి ముడిపడుతుంది. చర్మంలో జరిగిందీ అచ్చంగా అదే. పైపొర అడుగు వరుస కణాల కింది భాగంలో బొత్తాల్లాంటి బిళ్లలు ఉంటాయి. వాటి పేరు హెమీడెస్మోజోములు. కణం లోపలి కెరటిన్ పోగులు వచ్చి ఆ బిళ్లలకు కుట్టుకుని ఉంటాయి. బిళ్ల నుంచి కిందికి లామినిన్ అనే సన్నని దారాలు దిగి, నాలుగో రకం కొలాజెన్‌తో అల్లిన చాపలాంటి పొరను పట్టుకుంటాయి. ఆ చాప నుంచి ఏడో రకం కొలాజెన్ పోగులు డెర్మిస్‌లోకి దిగి, అక్కడి లావుపాటి కొలాజెన్ కట్టల చుట్టూ తిరిగి, చాలావరకు మళ్లీ ఆ చాపకే వచ్చి ముడిపడతాయి. వాటిని లంగరు పోగులు అనే అంటారు. కణంలోని కెరటిన్ నుంచి డెర్మిస్‌లోని కొలాజెన్ దాకా ఎక్కడా తెగకుండా ఒకటే గొలుసు. అందులో ఏ కొలికి ఊడినా పైపొర లేస్తుంది.

ఆ ముడులు చాలవన్నట్టు సరిహద్దు సాపుగా కూడా ఉండదు. డెర్మిస్ నుంచి చిన్న చిన్న గుబ్బలు పైకి, పైపొర నుంచి గట్లు కిందికి, రెండు చేతుల వేళ్లు ఒకదాంట్లో ఒకటి దూర్చి బిగించినట్టు ఉంటాయి. ఎదురుగా కనిపించే డ్యామును చూసినా ఈ తర్కం అర్థమవుతుంది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసి, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలిన నాగార్జునసాగర్ రాతికట్టడం డ్యాము. దాదాపు 125 మీటర్ల ఎత్తున నిలబడ్డ రాయి నదీగర్భంలోని బండ మీద ఊరికే ఆని ఉంటే నీటి తోపుడుకు జారుతుంది. అందుకే ఇలాంటి డ్యాములకు పునాది బండను చదును చేసి వదిలేయరు. ఎగుడుదిగుడుగా తొలిచి, బీటల్లోకి సిమెంటు పాలు ఎక్కించి, కట్టడాన్నీ బండనూ ఒకదాన్ని ఒకటి కరిచిపట్టుకునేలా చేస్తారు. జారకుండా పట్టు ఇచ్చేది గరుకుతనమే. చర్మంలోనూ అంతే. రోజంతా గడ్డపార పట్టే చేతికి, నడిచే కాలికి ఈ గుబ్బలు ఎక్కువ. రాపిడి తక్కువ పడే కనురెప్ప దగ్గర సరిహద్దు దాదాపు సాపు.

పట్టి ఉంచడంతోనే దాని పని అయిపోలేదు. రక్తనాళాలు సరిహద్దు కింద గుబ్బల్లోనే ఆగిపోతాయి కాబట్టి పైపొరకు కావలసిన తిండి, నీరు ఈ జల్లెడ గుండా ఊరిరావాలి. చిన్న గీత గీరుకుంటే ఒక్కోసారి చర్మం లేచినా రక్తం రాదు. గీత సరిహద్దు దాటలేదన్నమాట. నెత్తురు చుక్క కనపడిందంటే దాటింది. కొన్ని రక్షక కణాలు మాత్రం దారి చేసుకుని అటూ ఇటూ తిరుగుతాయి. నరాల కొసలు కూడా సరిహద్దును దాటి పైపొరలోకి వస్తాయి. మిరపకాయల కోతకో, తొడిమలు తీసే పనికో వెళ్లిన కూలీల చేతులు రాత్రి పడుకున్నాక కూడా మండేది అందుకే. మిరపలోని క్యాప్సైసిన్ పైపొరలోకి ఇంకి, అక్కడికి తొంగిచూస్తున్న ఆ నరాల కొసలను తగులుతుంది. నిప్పు తగిలితే కదలాల్సిన గ్రాహకమే దానికీ కదులుతుంది. ఆ గ్రాహకాన్ని 1997లో గుర్తించిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది. క్యాప్సైసిన్ నీటిలో కరగదు, నూనెలో కరుగుతుంది. ఉత్త నీళ్లతో ఎంత కడిగినా మంట తగ్గక, నూనె రాసి తర్వాత సబ్బుతో కడిగితే నెమ్మదించడం పలనాటి ఆడవాళ్లకు ఎప్పటినుంచో తెలిసిన సంగతే.

మరో పని ఇంకా ఆశ్చర్యమైనది. అడుగు వరుస కణం సరిహద్దును పట్టుకుని ఉన్నంతకాలం దానికి విభజన చెందే శక్తి ఉంటుంది. పట్టు వదిలిందా, పైకి నడిచి చచ్చే దారి పట్టిందన్నమాటే. అంటే ఏ కణం తల్లిగా ఉండాలో, ఏది పొట్టుగా మారాలో తేల్చడంలోనూ ఈ పునాదిదే పెద్ద పాత్ర.

రేషను డిపో దగ్గర ప్రతి నెలా వినపడే మాట ఒకటుంది: ‘అవ్వా, నీ వేలు పడటం లేదు’. ఆ వేలిముద్ర పుట్టిల్లు కూడా ఈ సరిహద్దే. తల్లి కడుపులో దాదాపు పదో వారం నుంచి పిండం వేళ్ల కొసల మీద పైపొర అడుగు నుంచి గట్లు కిందికి దిగడం మొదలవుతుంది. నాలుగైదు నెలలు నిండేసరికి నమూనా ఖాయమైపోతుంది. పైన కనిపించే గీతలు లోపలి గట్లకు నీడలు. ఆ గట్లు సుడులు, వంపులుగా తిరగడం వెనుక రెండు మూడు రసాయన సంకేతాల పోటీ ఉందని 2023లో ఎడిన్‌బరో శాస్త్రవేత్తలు చూపించారు. చిరుతపులి మచ్చలకూ, చేపల చారలకూ వర్తించే గణితమే అది. 1858లో బెంగాల్‌లో విలియం హెర్షెల్ ఒక కాంట్రాక్టరు చేత ఒప్పందం మీద అరచేతి ముద్ర వేయించుకున్నాడు. 1897లో కలకత్తాలో తొలి వేలిముద్రల బ్యూరో వెలసింది. అక్కడ ముద్రల్ని వర్గీకరించే పద్ధతికి అసలు కష్టం పడిన వాళ్లు అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు భారతీయులు. పేరు మాత్రం పై అధికారి ఎడ్వర్డ్ హెన్రీది.

రాళ్లు మోసి, సున్నం కలిపి, అంట్లు తోమి గీతలు అరిగిపోతే, పని మానిన కొన్ని వారాలకు అదే నమూనా మళ్లీ తేలుతుంది. అచ్చు కింద భద్రంగా ఉంది కదా. 1930లలో అమెరికాలో జాన్ డిలింజర్ అనే దొంగ యాసిడ్‌తో వేళ్లు కాల్చుకున్నా ముద్రలు అతన్ని వదల్లేదు. ముసలితనంలో సంగతి వేరు. ఏళ్లు గడిచేకొద్దీ సరిహద్దులోని గుబ్బలు, గట్లు సాపు అవుతాయి, చర్మం ఆరిపోతుంది, ముద్ర యంత్రానికి అందదు. తన కార్డు మీద తన బియ్యం తీసుకోవడానికి వచ్చిన మనిషి వేలిని బట్టకు తుడిచి, మళ్లీ పెట్టి, మళ్లీ తుడిచి, తప్పు చేసినట్టు నిలబడటం చూడటానికి కష్టంగా ఉంటుంది. ఆమె తప్పేమీ లేదు. కనుపాపతోనో, ఇంకో దారినో గుర్తించి బియ్యం ఇవ్వాల్సిన బాధ్యత ఆ యంత్రం పెట్టినవాళ్లది.

సాపు కావడం వల్ల ఇంకో చిక్కు ఉంది. వేళ్లు దూర్చి పట్టుకున్న పట్టు పోయి, రెండు అరచేతులు ఆనించినట్టు మిగులుతుంది. సెలైన్ సూది దగ్గర అంటించిన ప్లాస్టరు ఒక్క లాగుకు పీకితే ముసలివాళ్ల చర్మం దాంతోపాటే లేచి రావడం ఆసుపత్రుల్లో మామూలు. కాస్త నూనె రాసి, చర్మాన్ని ఒక చేత్తో అదిమి, మెల్లగా ఒలిస్తే ఆ గాయం తప్పుతుంది.

బొబ్బల విషయంలో చాలామందికి ఒక పొరపాటు అభిప్రాయం ఉంది. సాగర్‌లో పుట్టి వేసుకుని వలలు లాగేవాళ్ల అరచేతుల్లో, కొత్త చెప్పులేసుకున్న మడమ మీద లేచే నీటిబొబ్బ సరిహద్దు దగ్గర చీలింది కాదు. అది పైపొర మధ్యలోనే చీలుతుంది, అందుకే మచ్చ లేకుండా మానుతుంది. దాన్ని చిదపకుండా వదిలేయడమే వైద్యం. కాలిన గాయం లోతుకు పోతుంది. అప్పుడు సరిహద్దే లేచిపోవచ్చు. అయినా చాలాసార్లు చర్మం తిరిగి వస్తుందంటే కారణం, ఈ సరిహద్దు వెంట్రుకల కుదుళ్ల చుట్టూ, చెమట నాళాల చుట్టూ లోపలికి మడతపడి ఉండటం. విత్తనాల గింజలు గాదె అడుగున దాచినట్టు అక్కడ కొన్ని కణాలు మిగులుతాయి. అవీ కాలిపోయినంత లోతు గాయమైతే ఇంకోచోటి చర్మం తెచ్చి అతకాలి.

క్యాన్సర్ అనుమానంతో ముక్క తీసి పంపినప్పుడు పరీక్షించే డాక్టరు మొదట వెతికేదీ ఈ సరిహద్దు గీతనే. చెడ్డ కణాలు గీతకు పైనే ఉంటే కోసి తీసేస్తే దాదాపు సరిపోతుంది. గీతను కొరుక్కుని కిందికి దిగితే అక్కడ రక్తనాళాలు దొరుకుతాయి, ఒళ్లంతా దారులు తెరుచుకుంటాయి. నోటి లోపలి పొరకూ ఇలాంటి పునాదే ఉంది. శ్రీకాకుళం, విశాఖ తీరాల్లో చుట్టను నిప్పు లోపలికి పెట్టి అడ్డపొగ తాగే ఆడవాళ్ల అంగిట్లో వచ్చే క్యాన్సర్ వైద్యశాస్త్ర గ్రంథాలకెక్కింది కూడా. ఏళ్ల తరబడి వేడి, పొగ తగిలి, పై కణాలు మారి, చివరికి ఆ గీత తెగుతుంది.

తోలు పని చేసేవాళ్లకు ఈ సరిహద్దు శాస్త్రవేత్తల కంటే వందల ఏళ్ల ముందు తెలుసు, పేరు వేరైనా. పచ్చి తోలును సున్నపు తొట్టిలో నానబెడితే వెంట్రుకలతో సహా పైపొర ఊడివస్తుంది. మిగిలేది డెర్మిస్. దాని ముఖం మీద కనిపించే సన్నని గళ్లు, రంధ్రాలు ఆ సరిహద్దు విడిచిన ఆనవాళ్లు. డప్పు మీద బిగించేదీ, తోలుబొమ్మలాటలో దీపం వెలుగును దాటనిచ్చేదీ ఆ కింది పొరే. తంగేడు చెక్క రసం పట్టించి దాన్ని కుళ్లకుండా పదును చేస్తారు. తెనాలి ప్రాంతంలో పుట్టిన యలవర్తి నాయుడమ్మ ఈ వృత్తిని శాస్త్రంగా నిలబెట్టి, మద్రాసులోని కేంద్ర తోలు పరిశోధన సంస్థకు ప్రపంచంలో పేరు తెచ్చాడు. 1985లో కనిష్క విమానంలో జరిగిన బాంబు పేలుడులో కన్నుమూశాడు. కొలాజెన్ అణువు మూడు పేటల తాడులా పెనవేసుకుని ఉంటుందని 1954, 55లలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా తేల్చింది కూడా మద్రాసులోనే, ఆ సంస్థ నుంచి తెచ్చుకున్న నమూనాలతోనే. లంగరు పోగుల్లో ఉన్నదీ ఆ మూడు పేటల తాడే.

ఆ తాడు తెగితే ఏమవుతుందో కొందరు పసిపిల్లల ఒంటిమీద కనిపిస్తుంది. ఎపిడెర్మోలైసిస్ బుల్లోసా పుట్టుకతో వచ్చే జబ్బు. జన్యువులో దోషం వల్ల గొలుసులో ఒక కొలికి తయారు కాదు. కెరటిన్‌లో దోషముంటే పైపొర కణాలే చితుకుతాయి, లామినిన్ లేకపోతే సరిహద్దు మధ్యలో చీలుతుంది, ఏడో కొలాజెన్ లేకపోతే లంగరే తెగి మచ్చలతో వేళ్లు అతుక్కుపోతాయి. ఎత్తుకున్నా, లాగు నాడా ఒరుసుకున్నా బొబ్బ. సీతాకోకచిలుక రెక్కంత సున్నితం కాబట్టి వీళ్లను సీతాకోక పిల్లలు అంటారు. పెద్దవయసులో వచ్చే బుల్లస్ పెంఫిగాయిడ్ వేరు. అక్కడ రక్షణ వ్యవస్థే పొరపడి ఆ బిళ్లల మీద దాడి చేస్తుంది. దాన్ని పెంఫిగస్ నుంచి విడదీసి చెప్పింది 1953లో వాల్టర్ లీవర్. అది మందులకు లొంగుతుంది, అంటువ్యాధి కాదు, శాపం అసలే కాదు.

పిల్లల జబ్బులో తీవ్రమైన రకాలు చాలావరకు తల్లిదండ్రులిద్దరి నుంచీ దోషమున్న జన్యువు వచ్చినప్పుడే బయటపడతాయి. మేనరికాలు ఎక్కువగా ఉన్న మన ప్రాంతంలో అందుకే ఈ మాట దాచకుండా మాట్లాడుకోవాలి. ఇద్దరూ ఆ జన్యువును మోస్తున్నవాళ్లయితే ప్రతి కానుపులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. తల్లి గ్రహణంలో బయటికి వెళ్లిందనో, ఏదో తిన్నదనో నింద వేయడానికి ఇందులో చోటే లేదు. ఇలాంటి జన్యు పరీక్షలకు హైదరాబాదులో సీడీఎఫ్‌డీ అనే సంస్థ ఉంది. తర్వాతి కానుపుకు ముందే తెలుసుకునే వీలుంది.

2015లో జర్మనీలోని బోఖుమ్ ఆసుపత్రిలో ఏడేళ్ల సిరియా పిల్లవాడు చర్మం చాలావరకు పోయి చావుకు దగ్గరగా ఉన్నాడు. ఇటలీకి చెందిన మికేలే డి లూకా బృందం అతని చర్మం నుంచి చిన్న ముక్క తీసి, లామినిన్ జన్యువును సరిదిద్ది, తివాచీల్లా చర్మాన్ని పెంచి, ఒంటిమీద 80 శాతం దాకా అతికించింది. 2017లో ఆ సంగతి ప్రకటించేనాటికి అతను బడికి వెళుతున్నాడు. కొత్త చర్మం కింద బిళ్లలు, దారాలు సరిగ్గా కుట్టుకుని ఉన్నాయి. ఏడో కొలాజెన్ జన్యువును గాయం మీద రాసే జెల్‌లో పెట్టిన మందుకు 2023 మేలో అమెరికా అనుమతి ఇచ్చింది. మన కుటుంబాలకు అది ఇంకా అందని ఖరీదు.

అందాక ఇంట్లో చేయగలిగింది చేతులతోనే. బిడ్డను చంకల కింద చేతులేసి ఎత్తకూడదు. మెత్తటి దుప్పటి మీద పడుకోబెట్టి, దుప్పటితో సహా ఎత్తాలి. బట్టల కుట్లు బయటికి వచ్చేలా తిరగేసి తొడగాలి. అంటుకునే ప్లాస్టరు ఎక్కడా వాడకూడదు. మామూలు బొబ్బలా వీటిని వదిలేస్తే పక్కకు పాకి పెద్దవవుతాయి కాబట్టి, డాక్టరు చూపించినట్టు శుభ్రమైన సూదితో అంచు దగ్గర పొడిచి నీరు దించి, పైన తేలిన చర్మాన్ని మాత్రం చింపకుండా అలాగే ఆనించి, అంటుకోని మెత్తటి బట్ట చుడతారు.